కోసిన వెలుగు వాపసు

నల్లకొండపేట పురపాలక సంఘంలో ఏ వస్తువు పాడైనా కొత్తది ఇస్తారు. ఇవ్వరని ఎవరైనా అంటే అది నింద. కాకపోతే పాతది వాపసు చెయ్యాలి. కొత్త బల్బు కావాలంటే మాడిన బల్బు తెచ్చి స్టోర్స్‌లో అప్పగించాలి. కొత్త చీపురు కావాలంటే అరిగిన చీపురు మొద్దు అప్పగించాలి. దీన్ని దింపిన సామాను నిబంధన అంటారు. సంఘం వస్తువు మీంచి దింపింది, ఊడదీసింది, కోసింది, గీకింది ఏదైనా సరే, సంఘం ఆస్తే. ఆఫీసు ముందున్న వేపచెట్టు కొమ్మలు కొట్టించినప్పుడు కొమ్మలు, ఆకులు, కాకిగూడు మూడూ విడివిడిగా వాపసు తీసుకున్నారు. కాకి సంఘానిది కాదని ఆడిట్ వారు దయతలచి వదిలేశారు.

ఆ నిబంధన అలా ఉండగా ఇంధన పొదుపు వారోత్సవం వచ్చింది.

ప్రతి సంఘమూ ఒక వినూత్న పొదుపు ప్రయోగం చేసి చూపవలెనని పైనుంచి ఉత్తర్వు. బాగా చేసినవారికి షీల్డు. షీల్డు అన్న మాట చూడగానే కమిషనర్ భద్రగిరి గారు కుర్చీలోంచి లేచారు. ఆయన బీరువాలో పచ్చదనం షీల్డు ఉంది, పరిశుభ్రత షీల్డు ఉంది, ఉద్యోగుల ఆటల పోటీలో గోనెసంచి పరుగుకి వచ్చిన రెండో బహుమతి కూడా ఉంది. పొదుపు షీల్డుకి చోటు అప్పటికే తుడిచి పెట్టుకున్నారు.

పారిశుద్ధ్య విభాగం వారు ముందుగా రంగంలోకి దిగారు. మూడు రెక్కల ఫ్యాన్లకి ఒక్కో రెక్క విప్పేసి, మూడోవంతు పొదుపు అన్నారు. ఫ్యాన్లు పూనకం వచ్చినట్టు ఊగాయి. కింద కూర్చున్న గుమస్తాలు బల్లల కింద దూరారు. విప్పిన రెక్కలు మాత్రం పద్ధతిగా స్టోర్స్‌కి చేరాయి. ఆ పద్ధతికి వాళ్ళకి మెచ్చుకోలు వచ్చింది.

ఆ తర్వాత వంతు ఇందుమతిది.

ఇందుమతి సంఘంలో విద్యుత్తు పనులు చూసే అసిస్టెంట్ ఇంజనీరు. భర్త ముఖలింగం టెక్కలిలో బడిపంతులు. కూతురు మైనా అక్కడే నాయనమ్మ దగ్గర ఉంది. తల్లి ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చేనాటికి మైనాకి నడక కూడా రాలేదు. ఇప్పుడు పరుగులు పెడుతోంది. వారానికోసారి వచ్చే అమ్మని చుట్టం అనుకుంటుంది. అసలు అమ్మ ఫోనులో ఉంటుందని దాని నమ్మకం. రోజూ సాయంత్రం ఫోను ముందు కూర్చుని తాను ఒక బిస్కట్ తిని, ఫోను కన్నాల్లోకి ఒక బిస్కట్ కుక్కుతుంది. ముఖలింగం దగ్గర ఎప్పుడూ ఒక గుండుసూది ఉండేది, ఫోను శుభ్రం చెయ్యడానికి.

టెక్కలికి బదిలీ చెయ్యమని ఇందుమతి పెట్టుకున్న దరఖాస్తు పై ఆఫీసులో ఉంది. ఇలాంటప్పుడు కమిషనర్‌కి ఒక షీల్డు తెచ్చిపెడితే ఆయన ఒక మంచి మాట రాస్తాడని ఆమెకి ఆశ పుట్టింది. తప్పు ఆశ కాదు. దాని ఫలితమే కొంచెం తిన్నగా రాలేదు.

సంఘం సమావేశ మందిరంలో గాజుపువ్వుల దీపాలు ఉన్నాయి. ఎప్పుడో ఒక దాత ఇచ్చారు. ఇచ్చినవి ఇచ్చినట్టే ఉంచవలెనని గోడకి రాతిపలక కొట్టించి మరీ ఇచ్చారు. అందుకని ఊరంతా ఎల్ఈడీలు వచ్చినా మందిరంలో మాత్రం తీగ బల్బులే. అవి వెలిగితే మందిరం రొట్టెలు కాల్చే పొయ్యిలా ఉండేది. కమిషనర్ కుర్చీ సరిగ్గా ఒక పెద్ద పువ్వు కింద. ఆయన తల మీద జుట్టు లేదు. తడి చేతిరుమాలు తల మీద వేసుకుని సమావేశం నడిపేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు అది మొక్కుబడి అనుకునేవారు.

ఇందుమతి ఆ బల్బులకి ఒక డిమ్మర్ తయారు చేసింది. చిన్న ప్లాస్టిక్ డబ్బా, లోపల గోరంత చిప్పు, పైన తిప్పడానికి ఒక నాబు. నాబు తిప్పితే వెలుగు తగ్గుతుంది. వెనక్కి తిప్పితే పెరుగుతుంది.

మొదటిసారి వెలుగు తగ్గినప్పుడు మందిరంలో అందరూ ‘ఓ’ అన్నారు.

"ఓలమ్మా, దీపాలు సిగ్గుపడతన్నాయేటే!" అంది చైర్‌పర్సన్ గొర్లె రాజులమ్మ. సంఘానికి ఎన్నికైన పెద్ద ఆవిడే. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

కమిషనర్ గారు నాబు పట్టుకున్నవారు పట్టుకున్నట్టే ఉండిపోయారు. తగ్గించారు. పెంచారు. మళ్ళీ తగ్గించారు. "తగ్గు," అని తగ్గించారు. "లే," అని పెంచారు. కింది ఉద్యోగులు కూడా అంత చెప్పినట్టు వినరని ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. వరసలో నిలబడి అందరూ తలో తిప్పూ తిప్పారు. ఒక సభ్యుడు రెండోసారి వరసలో దూరితే మిగతావాళ్ళు చొక్కా పట్టుకుని లాగారు.

"ఇది ఏ విధముగా పనిచేయుచున్నదో సభకు వివరించండి," అన్నారు కమిషనర్.

"కరెంటు అలలా వస్తుందండి," అంది ఇందుమతి. "సెకనుకి వంద సార్లు సున్నాకి దిగి మళ్ళీ లేస్తుంది. ఈ చిప్పు ఆ సున్నా కోసం కాసుక్కూర్చుంటుంది. సున్నా రాగానే తలుపు తియ్యదు. కాసేపు ఆగి తీస్తుంది. ఆ ఆగిన ముక్క బల్బుకి అందదు. ప్రతి అలలోనూ ముందు ముక్క కోసేసినట్టన్నమాట. ఎంత కోస్తే అంత పొదుపు."

చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలో ఒకాయన కొట్టలేదు. ఆయన ఆడిట్ అధికారి శరభేశ్వరరావు గారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడిస్తే ఎవరికో ఒకరికి ఆ నెల నిద్ర ఉండదని ఆఫీసులో అనుభవం.

"చిన్న సందేహం," అన్నారు. "కోసిన ముక్క ఎక్కడ?"

ఇందుమతి నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. అప్పుడు ఆమె కూడా ఆపేసింది.

"ముక్క ఉండదండీ. అది అసలు రాదు."

"రానిదాన్ని ఎట్లు కోసితిరి?"

"కొయ్యడమంటే... ఆపడం అండి."

"కోసితిరో, ఆపితిరో, మింగితిరో, ఆ వివరములోనికి ఆడిట్ పోదు. నిన్నటి వరకు ఈ మందిరమునందు పూర్తి వెలుగు ఉండెను. నేడు సగము ఉన్నది. సంఘపు దీపములనుండి దింపబడిన మిగతా సగము సదరు నిబంధన ప్రకారము స్టోర్సునకు వాపసు కావలెను. అయినదా?"

డిమ్మర్ డబ్బా ఒక్కటే గుయ్యిమంటోంది.

"నిజమే గదా," అన్నారు కమిషనర్, నాబు మీంచి చెయ్యి తీసేస్తూ. "ఫ్యాను రెక్కలు కూడా వాపసు చేసిరి."

*

మర్నాడే బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఇందుమతిని టెక్కలికి వేశారు. నెలాఖరులోగా వెళ్ళి చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. ఆమె ఉత్తర్వుని రెండు చేతులతో పట్టుకుని స్టోర్స్‌కి పరుగెత్తింది. సంఘం సామాను ఏదీ తన దగ్గర బాకీ లేదని స్టోర్‌కీపర్ సంతకం పెడితే, దాని మీద ఆడిట్ అధికారి, ఆపైన కమిషనర్ పెడతారు. మూడు సంతకాలూ పడితే బస్సెక్కడమే.

స్టోర్‌కీపర్ కూర్మారావు చెడ్డవాడు కాదు. పాత చీపుర్ల మధ్య కూర్చుని కూర్చుని ఆయనకి ప్రతి వస్తువూ ఎప్పుడో ఒకప్పుడు తన దగ్గరికే వస్తుందన్న నెమ్మది వచ్చేసింది.

"మీ స్క్రూడ్రైవర్లొచ్చీసినాయి, నిచ్చెనొచ్చీసినాది. ఆ ఎలుగొక్కటీ అప్పజెప్పీసి ఎల్లిపోండమ్మా. నానేటి ఒద్దన్నానా? తెండి, తీసుకుంటాను."

"వెలుగుని ఎలా తేనండీ, కూర్మారావు గారూ?"

"సంచిలో తెస్తారో, తట్టలో తెస్తారో మీ ఇష్టం. కాపోతే తడిపీకండి. మొన్న సున్నం బస్తాలు తడిపీసి తెచ్చినారు."

"అది లేదండీ! లేని వస్తువు!"

కూర్మారావు గొంతు తగ్గించాడు. "అమ్మా, మీరు నాకు కూతురులాంటోరు. లేదనకండి. లేదంటే పోయిందనే గదా లెక్క? పోయిందంటే మరి ఎవరు తీసినారనొస్తాది."

ఆ సాయంత్రం ముఖలింగం ఫోను చేశాడు. "ఏటి, బట్టలు సర్దీసినావా?" అన్నాడు ఉత్సాహంగా.

"సర్దేశాను. వెలుగు ఒక్కటి అప్పజెప్పాలి."

"ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

వెనకనుంచి మైనా గొంతు వినిపించింది. "అమ్మా, బిస్కట్టు తిన్నావా?"

"తిన్నానమ్మా," అంది ఇందుమతి.

*

కమిషనర్ గారు ఉపసంఘం వేశారు. దాని పేరు విచ్ఛేదిత దీప్తి నిల్వ ఉపసంఘం. ఉపసంఘం బజ్జీలు తిని, తీర్మానించింది: కోసిన వెలుగు సంఘం ఆస్తి అగుటచేత దానికి ప్రత్యేకముగా ఒక గది కేటాయించవలెను.

ఆఫీసు వెనక దోమల పొగ యంత్రం ఉండే గది ఖాళీ చేయించారు. యంత్రం కమిషనర్ గారి వరండాలోకి వచ్చింది. గది కిటికీలు ఇటికలతో మూసేశారు. సందుల్లో గోనెపట్టా కుక్కారు, వెలుగు కారిపోకుండా. పైకప్పులో ఒక చిల్లుంటే, అందులోంచి బయటి ఎండ లోపలికి దిగి సంఘం వెలుగుతో కలిసిపోతుందని ఆడిట్ వారు అభ్యంతరం చెప్పారు. దానికి తారు పూశారు.

"ఎలకలున్నాయి బాబూ," అన్నాడు కూర్మారావు. "ఎలుగు తింటాయేటో."

రెండు బోనులు పెట్టారు. ‘వెలుగు నిల్వ ఉన్నది. ప్రవేశము లేదు’ అని బోర్డు కట్టారు. అప్పలకొండ అనే కాపలాదారుని కూర్చోబెట్టారు. అప్పలకొండ పొద్దున్నించి సాయంత్రం దాకా ఖాళీ గదిని కాశాడు. అంతకుముందు ఎండిపోయిన కుళాయిని కాసేవాడు. పనిలో పెద్ద తేడా ఏం కనబడలేదన్నాడు.

ఇందుమతి మందిరంలోని డిమ్మర్ డబ్బా నుంచి ఒక తీగ లాగి ఆ గదిలో నీలం ప్లాస్టిక్ డ్రమ్ములోకి దింపింది. రెండో కొస దేనికీ తగిలించలేదు. "కోసిన ముక్కలు ఇందులో పడతాయండి," అంది. ఆమెకి అబద్ధాలు అలవాటు లేదు. కానీ బట్టల పెట్టె గుమ్మం దగ్గర సర్ది ఉంది.

తనిఖీకి శరభేశ్వరరావు గారు కమిషనర్ గారిని వెంటబెట్టుకుని స్వయంగా వచ్చారు. కూర్మారావు టార్చిలైటు తీశాడు.

"లోపల పెట్టండి దాన్ని! బయటి వెలుగు తెచ్చి నిల్వలో కలుపుదురా?"

టార్చి లేకుండా ముగ్గురూ లోపలికి వెళ్ళారు. తలుపు మూశారు. బయట నిలబడ్డ ఇందుమతికి లోపలినుంచి ముందు కాళ్ళ చప్పుడు, తర్వాత డ్రమ్ము చప్పుడు, ఆ తర్వాత "అబ్బా!" అనే మాట, చివరికి ఎలకబోను టక్కున మూసుకున్న చప్పుడు వినబడ్డాయి. ఆడిట్ అధికారి బొటనవేలు పట్టుకుని కుంటుతూ బయటికి వచ్చారు.

"సమగ్రముగా వెదకితిమి," అన్నారు. "వెలుగు కనబడలేదు."

"నల్లగా ఉన్నాదమ్మా లోపల," అన్నాడు కూర్మారావు బాధగా. "సగం మందిరం ఎలుగుండాలా? ఒక్క సుక్క నేదు."

ఇప్పుడది దొంగతనమైంది. అందరూ అప్పలకొండ వైపు చూశారు. అతని ఇల్లు మొన్ననే తళతళలాడిపోతోందని ఎవరో గుర్తు చేశారు.

"సున్నమేసినాను బాబూ! ఎల్లసున్నం! మా తోటికోడలు... కాదు, మా ఆడదాని తోటికోడలు పురిటికొస్తందని!"

"సున్నము అంత మెరయునా?" అన్నారు కమిషనర్ అనుమానంగా.

అప్పలకొండ మీద విచారణకి ఉత్తర్వు వేశారు. విచారణ తేలేదాకా ఇందుమతిని వదలకూడదన్నారు. నెల చివరి వారంలో పడింది. టెక్కలి సీటు కోసం ఇంకొకాయన అప్పుడే అక్కడ ఇల్లు అద్దెకి చూసుకుంటున్నాడని ముఖలింగం చెప్పాడు. ఆ ఇల్లు తమ పక్కిల్లేనట.

ఇందుమతి తన గదికి వెళ్ళి నేల మీద కూర్చుంది. ఉన్నట్టుండి లేచి మొహం కడుక్కుంది.

వీళ్ళు ముక్క కావాలంటున్నారు. సరే. ముక్కే ఇద్దాం.

*

ఈసారి అబద్ధం లేదు. గాజుపువ్వుల దీపాలు ఎన్ని ఉన్నాయో అన్ని తీగ బల్బులు ఆ గదిలో కట్టింది. వాటికి వెళ్ళే కరెంటుకీ ఒక తలుపు పెట్టింది. మందిరం తలుపుకి తెరుచుకోవడమే వచ్చు, అల సున్నాకి దిగితే తప్ప మూసుకోదు. ఈ కొత్త తలుపు మధ్యలో కూడా మూసుకోగలదు. రెండు తలుపులకీ కాపలా ఆ ఒక్క చిప్పే. అల మొదలవగానే గది తలుపు తెరుచుకుంటుంది. మందిరం తలుపు తెరిచే క్షణంలో గది తలుపు పడుతుంది. మందిరంలో కోసిన ముక్క ఏదో సరిగ్గా అదే ముక్క, వెంట్రుకవాసి తేడా లేకుండా, గదిలో వెలుగుతుంది. మందిరంలో తగ్గిస్తే గదిలో పెరుగుతుంది. మందిరంలో పెంచితే గదిలో తగ్గుతుంది.

గది గుమ్మం తెరవగానే కూర్మారావు చేతులు జోడించాడు.

"వొచ్చీసినాదమ్మా! సరుకు వొచ్చీసినాది!"

శరభేశ్వరరావు గారు మందిరానికీ గదికీ మధ్య కుంటుతూ అయిదారు సార్లు తిరిగారు. అక్కడ సగం, ఇక్కడ సగం. ఎంత పట్టిచూసినా తరుగు లేదు. ఆయన మొహంలో ఎప్పుడూ చూడని మెత్తదనం కనబడింది. "నా ఉద్యోగ జీవితమునందు," అన్నారు గద్గదంగా, "ఇంత పూర్తిగా వాపసు వచ్చిన సామాను నేను చూసి ఎరుగను."

అప్పలకొండ మీద విచారణ ఎత్తేశారు. అతని సున్నం సున్నమేనని ధ్రువీకరించారు.

కరెంటు మీటరు మాత్రం వారోత్సవానికి ముందు ఎలా తిరిగేదో అలాగే తిరుగుతోంది. ఆ సంగతి ఇందుమతి ఒకసారి చెప్పబోయింది.

"పొదుపు చేసినది పొదుపు చేసినట్టే కళ్ళ ముందు వెలుగుతుంటే మీటరుతో పని ఏమి?" అన్నారు కమిషనర్. ఆమె మీటరు మాట అక్కడితో వదిలేసింది. సంతకాలు ఇంకా పడలేదు.

కమిషనర్ గారికి అప్పుడో ఆలోచన వచ్చింది. సగం వెలుగు నిల్వకే ఇంత పేరు వస్తే, పూర్తి వెలుగు నిల్వ చేస్తే? నాబుని ఆ చివరిదాకా తిప్పేశారు. మందిరం కటిక చీకటి అయిపోయింది. వెనక గది భగభగలాడింది. ఇక ఎవరూ తిప్పకుండా నాబు మీద లక్క సీలు వేయించారు. మందిరంలో వెలుగు పెంచడం అంటే స్టోర్స్‌లో వెలుగు కాజేయడమేనని సర్క్యులర్ కూడా పంపారు. మందిరంలో కిటికీలు తెరుద్దామని ఒకరు అన్నారు. లెక్కలో లేని వెలుగు ఆఫీసులోకి రానివ్వడం కుదరదని ఆడిట్ వారు తెరలు దించారు.

ఆ వారం సంఘం సమావేశం చీకట్లోనే జరిగింది. ఎవరి కుర్చీ ఎవరిదో తెలియక రెండు పక్షాల సభ్యులూ కలగలిసిపోయారు. చాలా ఏళ్ళకి ఆరోజు గొడవలేదు, ఎవర్ని తిట్టాలో కనబడక.

"తీర్మానానికి ఒప్పుకున్నోలు సెయ్యెత్తండి," అంది రాజులమ్మ. తర్వాత ఆలోచించి, "సెయ్యెత్తినోలు దగ్గండి," అంది.

దగ్గారు. జలుబు చేసిన సభ్యుడొకాయన అన్ని తీర్మానాలకీ రెండేసిసార్లు ఒప్పుకున్నాడు.

మందిరంలోనే బల్లలు వేసుకుని పనిచేసే గుమస్తాలకి ఫైళ్ళు కనబడటం లేదు. ఒక్కొక్కరే ఫైలు చంకన పెట్టుకుని వెనక గది వైపు నడిచారు. కూర్మారావు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"స్టోర్సులో సామానది. ఊరికే సదివీసుకుంటే తరుగు రాదేటి? కావలిస్తే సరుకు కావాలని ఇండెంటెట్టండి."

"పెడతాం. వెలుగివ్వండి."

"కొత్త ఎలుగు కావాలంటే పాత సీకటి వాపసు తేవాలి. అందరికీ ఒకటే పద్ధతి."

ఎవరికీ కోపం రాలేదు. పద్ధతి పద్ధతే గదా. గుమస్తాలు మందిరంలోకి వెళ్ళి సంచుల్లో చీకటి నింపుకుని మూతి బిగించి తెచ్చారు. రికార్డు గుమస్తా పాత గొడుగు విప్పి, దాని నిండా పట్టి, గబుక్కున మూసి తెచ్చాడు. కూర్మారావు వెలుగుగదిలో నిలబడి ఒక్కో సంచీ మూతి విప్పి లోపలికి చూశాడు.

"ఇందులో సీకటేదీ? కాళీ సంచి!"

"మూటగట్టినప్పుడు నిండుగా ఉందండీ!"

"దారిలో ఒలకబోసుకున్నారు," అన్నాడు కూర్మారావు. "జాగర్త నేదు మీకు."

*

నెలాఖరుకి ముందురోజు వచ్చింది. సాయంత్రం బస్సుకి వెళితేనే రేపు పొద్దున టెక్కలిలో చేరడం. ఇందుమతి పెట్టె పట్టుకునే ఆఫీసుకి వచ్చింది.

కూర్మారావు సంతకం పెట్టాడు. పెట్టి, కళ్ళు తుడుచుకున్నాడు. అప్పగించాల్సింది అప్పగించి వెళ్ళేవాళ్ళంటే ఆయనకి ప్రేమ.

ఆ కాగితంతో ఆమె సంఘం సమావేశం సాగుతున్న మందిరంలోకి వెళ్ళింది. చీకట్లో శరభేశ్వరరావు గారి బల్ల తడుముకుంటూ, ముందు ఇంకెవరిదో మోకాలు పట్టుకుని, క్షమించమని, చివరికి ఆయన ముందుకి చేరింది.

"సంతకమునకు అభ్యంతరము లేదు," అంది చీకటి. "కాని చదవక నేను సంతకము చేయను. చదువుటకు వెలుగు కావలెను."

"గదిలోకి రండి సార్. చిటికెలో పని."

"నిల్వ గదిలోని వెలుగును ఇండెంటు లేక వాడరాదు."

"ఇండెంటు పెడతాను సార్."

"పెట్టుడు. దాని మీద నా ఆమోదము కావలెను."

"ఆమోదించండి సార్."

"చదవక ఎట్లు ఆమోదించుదును?"

ఇందుమతి చీకట్లో నిలబడిపోయింది. బస్టాండు వైపునుంచి హారన్ వినబడింది. ఆమెకి నవ్వు వచ్చింది. మొదట చిన్నగా వచ్చింది, తర్వాత ఆగలేదు. పెట్టె మీద కూర్చుని కళ్ళంట నీళ్ళు కారేలా నవ్వింది. కనబడని సభ్యులు ఎందుకో తెలియకుండానే వాళ్ళూ నవ్వడం మొదలుపెట్టారు. జలుబాయన దగ్గాడు. దాంతో ఏదో ఒక తీర్మానం నెగ్గిపోయింది.

"ఎవులది? ఇందుమతమ్మేనా ఏడస్తంది?" అంది రాజులమ్మ గొంతు.

"నవ్వుతున్నానమ్మా. నా పిల్ల అక్కడ ఫోనుకి బిస్కట్లు తినిపిస్తోందండి. నేనిక్కడ చీకట్లో చీకటికి దండాలు పెడుతున్నాను."

రాజులమ్మ కుర్చీ కిర్రుమంది.

"కమిషనర్ బాబూ! ఎలుగుని మన కాడికి తేకూడదు. సరే. మనమే ఎలుగు కాడికి పోతే ఏటి? మీటింగ్ ఎక్కడెట్టుకుంటే అదే మీటింగ్ హాలు గాదేటి? ఈ హాలుని స్టోర్సనీయండి, ఆ గదిని హాలనీయండి. బోర్డులు మార్చీడానికెంతసేపు?"

చీకట్లో కళ్ళజోడు తుడుస్తున్న చప్పుడు.

"గది పేరు మార్చుటకు నిబంధన అడ్డు రాదు," అన్నారు శరభేశ్వరరావు గారు.

"ఒప్పుకున్నోలు దగ్గండి!"

మందిరం మొత్తం దగ్గింది.

ఆ తర్వాత పెళ్ళివారు విడిది మారినట్టే. కుర్చీలు, బల్లలు, మంచినీళ్ళ కూజా, కమిషనర్ గారి కాలిపీట, అన్నీ వెనక గదికి తరలాయి. అప్పలకొండ బోర్డులు మార్చాడు. భగభగలాడే వెలుగులో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చుట్టాలు కలిసినట్టు పలకరించుకున్నారు. శరభేశ్వరరావు గారు కాగితాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివారు. సంతకం చేశారు. కమిషనర్ గారు చేశారు. సిరా ఆరకముందే ఇందుమతి కాగితం లాక్కుని, రాజులమ్మ కాళ్ళకి దండం పెట్టి, పెట్టె ఎత్తుకుంది.

ఆమె గేటు చేరేసరికి వెనకనుంచి మొదటి కేక వినబడింది.

కిటికీలు లేని గది. గోనెపట్టా కుక్కిన సందులు. నెత్తిమీద మందిరం వెలుగంతా. కమిషనర్ గారు తడి చేతిరుమాలు తల మీద వేసుకుంటూ గుమ్మంలోకి వచ్చారు.

"ఇందుమతి గారూ! వేడిగా ఉన్నదండీ! ఈ వెలుగును కొంచెము తగ్గించు ఉపాయము ఏదైనా..."

రెండో కేక ముందు తలుపు నుంచి. కూర్మారావు పాత మందిరంలోంచి బయటికి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా! ఇందుమతమ్మా! ఇప్పుడిదే గదా స్టోర్సు? మరి నా ఎలుగేదమ్మా? లోపల ఒక్క సుక్క నేదు!"

ఒకరికి వెలుగు ఎక్కువైపోయింది, ఒకరికి అసలు లేదు. ఇద్దరి కష్టానికీ నాబు ఒక్కటే. దాని మీద లక్క సీలు ఉంది. ఇందుమతి ఒక్క క్షణం ఆగింది. చెబుదామనుకుంది. అప్పలకొండ ఆమె పెట్టె అందుకుని, "ఎనక్కి సూడకండమ్మా, బేగెల్లండి," అన్నాడు. ఆమె చూడలేదు. బస్సు కదులుతుంటే ఎక్కింది.

షీల్డు నల్లకొండపేటకే వచ్చిందని తర్వాత తెలిసింది. దాన్ని చాలా భద్రంగా స్టోర్స్‌లో పెట్టారట. ఎక్కడ పెట్టారో మాత్రం ఎవరికీ కనబడలేదట.

మర్నాడు టెక్కలిలో అన్నాలు తిన్నాక మైనా అమ్మ పక్కలో చేరింది. చాలాసేపు ఆమె బుగ్గ నొక్కి చూసింది, ఫోను కన్నా మెత్తగా ఉందని. బిస్కట్టు నోట్లో పెడితే నిజంగానే నమలడం చూసి కిలకిలా నవ్వింది. ముఖలింగం గుండుసూది తీసి గూట్లో పడేసి, దీపం ఆర్పేశాడు.

చీకట్లో మైనా కాసేపు కదలకుండా పడుకుంది.

"అమ్మా, ఎలుగెక్కడికెల్లిపోనాది?"

ఇందుమతి నోరు తెరిచింది. అల గురించి, సున్నా గురించి చెప్పబోయింది. వెలుగు ఎక్కడికీ వెళ్ళదని, అది లేదని, అంతేనని చెప్పబోయింది. లేదంటే ఏమవుతుందో గుర్తొచ్చింది.

"స్టోర్స్‌కి వెళ్ళిందమ్మా," అంది. "పడుకో. మన చీకటి వాపసు ఇచ్చేస్తే పొద్దున్నే ఇచ్చేస్తారు."